జీన్స్ ఊరి పక్కన ఫ్యాషన్ చదువు: ఏ కోర్సు ఏ పనికి

ఫ్యాషన్ చదువు అనగానే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. కుట్టడం నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకు, టైలరు దగ్గర ఆరు నెలలు కూర్చుంటే రాదా అనేది ఒకటి. డిజైనర్ అయితే సినిమావాళ్లకు బట్టలు చేయొచ్చట అనేది రెండోది. ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది ఈ రెండింటికీ మధ్యలో. ఆ మధ్యలో ఏ పనులున్నాయి, ఏ పనికి ఏ చదువు కావాలి, కుడతిని నుంచి బయల్దేరే పిల్లలకు ఎక్కడ సీటు అందుతుంది, ఎంత ఖర్చవుతుంది అనే వివరాలు ఇక్కడ ఇస్తున్నాం.

మన ఊరికి ఈ ప్రశ్న ఊరికే రాలేదు. కుడతిని చుట్టుపక్కల భూములను 2010 ప్రాంతంలో ఉక్కు కర్మాగారాల కోసం తీసుకున్నారు. కర్మాగారాలు రాలేదు, చెప్పిన ఉద్యోగాలూ రాలేదు. దాని మీద 2022 డిసెంబరులో మొదలైన ధర్నా సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. థర్మల్ స్టేషన్‌లోనూ తోరణగల్లు వైపూ దొరికే పనులు మగపిల్లలకే ఎక్కువ. పొలం పోయిన ఇంట్లో పిల్లల చదువు మీద పెట్టే డబ్బు రెండోసారి పుట్టదు. అది సరైన కోర్సుకు వెళ్లాలా, పేరు మాత్రమే పెద్దగా ఉన్న కోర్సుకు వెళ్లాలా అన్నది చిన్న విషయం కాదు.

బళ్లారి జీన్స్ ఎలా నడుస్తుంది

హొసపేట రోడ్డు మీద బస్సెక్కితే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బళ్లారి. బ్రిటిష్ వాళ్ల కాలంలో అది దండు ఉన్న ఊరు. సైనికుల యూనిఫారాలు కుట్టిన దర్జీల చేతుల్లోంచే తర్వాత జీన్స్ వచ్చిందని కౌల్ బజార్ పెద్దలు చెప్పుకుంటారు. ఇప్పుడు ఊరి పేరు చెబితే గనుల తర్వాత గుర్తొచ్చేది జీన్స్ ప్యాంట్లే. వందల సంఖ్యలో చిన్నా పెద్దా యూనిట్లు ఉన్నాయి. ముండ్రిగి వైపు పారిశ్రామికవాడలో షెడ్లు, ఊళ్లో ఇళ్ల ముందు వసారాల్లో మిషన్లు.

పని ముక్కలు ముక్కలుగా జరుగుతుంది. ఒకరు తాను బట్ట కొంటారు. కటింగ్ మాస్టరు పొరలు పొరలుగా పరిచి కోస్తాడు. కట్టలు కట్టి కుట్టడానికి జాబ్ వర్క్‌కు ఇస్తారు. జేబు ఒకరిది, జిప్పు ఒకరిది, నడుం పట్టీ ఇంకొకరిది. కుట్టిన సరుకు వాషింగ్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి గుండీలు, రివెట్లు, ఇస్త్రీ, లేబుల్, ప్యాకింగ్. కూలి చాలావరకు పీస్ రేటు మీదే. మిషన్ మీద కూర్చున్నవాళ్లకు చేయి వేగం ఎంతో ఆదాయం అంతే. వయసు మీదపడి వేగం తగ్గితే ఆదాయం కూడా తగ్గుతుంది.

చదువు అవసరం ఇక్కడే తెలుస్తుంది. బళ్లారిలో కుట్టేవాళ్లకు కొరత లేదు. కొలత ప్రకారం ప్యాటర్న్ తీసి సైజులన్నిటికీ పెంచగలిగినవాళ్లు, వాషింగ్‌లో రంగు ఎందుకు తేడా వచ్చిందో చెప్పగలిగినవాళ్లు, బయటి కంపెనీ ఆర్డరు పంపితే ఆ కాగితం చదివి దాని ప్రకారం పని నడిపించగలిగినవాళ్లు దొరకడమే కష్టం. ధర తగ్గించి అమ్మే సరుకు నుంచి పేరు పెట్టి అమ్మే సరుకుకు మారాలంటే వీళ్లే కావాలి.

2023 ఎన్నికల ప్రచారంలో బళ్లారికి 5,000 కోట్ల జీన్స్ పార్క్ అన్న మాట వినిపించింది. మంచిదే. కానీ రాబోయే పార్కును నమ్ముకుని కోర్సు ఎంచుకోవద్దు. రేపు పార్కు వచ్చినా రాకపోయినా పనికొచ్చే విద్య ఏదో అదే చూడండి. ఉక్కు కర్మాగారాల విషయంలో మన ఊరు ఈ పాఠం ఒకసారి చదివింది.

ఒక ప్యాంటు వెనుక ఎన్ని పనులు

జీన్స్ కథే ఒక టైలరుతో మొదలైంది. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, కూలీల ప్యాంట్ల జేబులు ఊరికే చిరిగిపోతున్నాయని ఆ మూలల్లో రాగి రివెట్లు కొట్టాడు. తనకు బట్ట అమ్మే వ్యాపారి లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంట్ తీసుకున్నాడు. మన దేశంలో 1995లో అరవింద్ మిల్స్ వాళ్లు ‘రఫ్ అండ్ టఫ్’ పేరుతో బట్ట, జిప్పు, గుండీ, రివెట్లు అన్నీ కలిపి ఒక కిట్‌గా అమ్మారు. దాన్ని ఊరి టైలరు దగ్గర కుట్టించుకోవాలి. అప్పట్లో పెళ్లీడుకొచ్చిన మన మామలు, బాబాయిలు కొందరికి అది గుర్తుండే ఉంటుంది. రెండు చోట్లా గెలిచింది ఒక్కటే. కుట్టు తెలిసినవాడి సమస్యను కుట్టుకు బయట నిలబడి ఆలోచించడం.

ఇప్పుడు పని వరస చూద్దాం. ముందు బట్ట. డెనిమ్‌లో పడుగు దారానికి నీలిమందు రంగు, పేక దారం తెల్లగా ఉంటుంది. ప్యాంటు బయట నీలం, లోపల తెలుపు కనిపించేది అందుకే. నీలిమందు దారం లోపలిదాకా పూర్తిగా దిగదు. కాబట్టి ఉతికేకొద్దీ, రాసుకునేకొద్దీ పైరంగు పోయి తెలుపు బయటపడుతుంది. జీన్స్ అందమంతా ఈ లోపంలోనే ఉంది. బట్ట బరువును ఔన్సుల్లో చెబుతారు. సాగే గుణం కోసం ఎలాస్టేన్ కలుపుతారు. కలిపిన బట్ట కోసేటప్పుడు ఒకలా, ఉతికాక ఒకలా ఉంటుంది.

తర్వాత ప్యాటర్న్. బ్లౌజు కుట్టే టైలరు ఒక మనిషి కొలత తీసుకుని ఆ మనిషికే కోస్తారు. పరిశ్రమలో ఒక సైజుకు ప్యాటర్న్ తీసి దాన్ని 28 నుంచి 38 వరకూ పెంచుకుంటూ పోవాలి. దీన్ని గ్రేడింగ్ అంటారు. పైగా బట్ట వాషింగ్‌లో ఎంత ముడుచుకుంటుందో ముందే లెక్కగట్టాలి. బట్ట మీద 50 సెంటీమీటర్లు గుర్తుపెట్టి ఉతికితే అది 48.5కు వచ్చిందనుకోండి, మూడు శాతం తగ్గినట్టు. లెక్క వేయకుండా కోస్తే 32 నడుం ప్యాంటు 31 అయి బయటికొస్తుంది. వెయ్యి ప్యాంట్లు అలా వస్తే ఆ లాటు మొత్తం తక్కువ ధరకు వదిలించుకోవలసిందే.

ప్యాటర్న్ ముక్కలను బట్ట మీద వృథా లేకుండా అమర్చడం మరో విద్య. దాన్ని మార్కర్ అంటారు. ఒక ప్యాంటుకు సుమారు మీటరుంబావు బట్ట పడుతుందనుకుంటే, అమరికలో ఒక్కో ప్యాంటుకు అయిదు సెంటీమీటర్లు మిగిల్చినా వెయ్యి ప్యాంట్లకు యాభై మీటర్లు మిగులుతుంది. నలభై ప్యాంట్ల బట్ట అన్నమాట. ఈ అమరికను ఇప్పుడు కంప్యూటర్ మీద చేస్తున్నారు. గెర్బర్, లెక్ట్రా, టుకాటెక్ లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చినవాళ్లకు బెంగళూరులో పని వెతుక్కోవడం అంత కష్టం కాదు.

కుట్టు దగ్గర చదువుకున్నవాళ్ల పని వరసను నడపడం. ఉదాహరణకు ఒక ప్యాంటు కుట్టడానికి మొత్తం ఇరవై నిమిషాల పని ఉందనుకుందాం. నలభై మంది ఎనిమిది గంటలు కూర్చుంటే లెక్క ప్రకారం 960 ప్యాంట్లు రావాలి. ఎక్కడో ఒకచోట కట్టలు పేరుకుపోయి, దారం తెగి, మిషన్ ఆగి, సగమే వస్తాయి. ఎక్కడ ఆగుతోందో గడియారం పట్టుకుని కనిపెట్టి సరిచేసేవారిని ఇండస్ట్రియల్ ఇంజనీర్ అంటారు. ఈ పనికి బొమ్మలు వేయడం రానక్కర్లేదు, లెక్కలు వస్తే చాలు. ఫ్యాషన్ అంటే బొమ్మలే అనుకుని లెక్కల్లో గట్టి పిల్లలు ఈ వైపు చూడకపోవడం నష్టమే.

వాషింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎంజైమ్ వాష్, ప్యూమిస్ రాళ్లతో స్టోన్ వాష్, బ్లీచ్, తొడల మీద తెల్లటి నీడ కోసం పొటాషియం పర్మాంగనేట్ స్ప్రే, ఇవన్నీ రసాయనాలతో ఆడే పనులు. ఇసుకను గాలితో కొట్టి రంగు లేపే పద్ధతి వల్ల కార్మికుల ఊపిరితిత్తులు దెబ్బతిని సిలికోసిస్ వచ్చిందని టర్కీ 2009లో దాన్ని నిషేధించింది. బళ్లారి జీన్స్‌కు అన్నిటికన్నా పెద్ద తలనొప్పి వాషింగ్ నీళ్లే. కాలుష్య నియంత్రణ మండలి నోటీసుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. తక్కువ నీటితో చేసే లేజర్, ఓజోన్ పద్ధతులు ప్రపంచంలో వచ్చేశాయి. పియుసిలో కెమిస్ట్రీ ఇష్టపడి చదివిన అమ్మాయో అబ్బాయో టెక్స్‌టైల్ కెమిస్ట్రీ వైపు వెళ్తే ఈ జిల్లాకే పనికొస్తారు. మన దగ్గర ఎవరూ ఆలోచించని దారి ఇదేనని మా అభిప్రాయం.

చివరగా మర్చండైజర్. కొనే కంపెనీకీ ఫ్యాక్టరీకీ మధ్య నిలబడి శాంపిల్, ధర, గడువు, నాణ్యత అన్నీ చూసుకునే మనిషి. ఇంగ్లీషులో ఉత్తరం రాయగలగాలి, ఎక్సెల్ రావాలి, కోప్పడే కొనుగోలుదారుతో ఓపిగ్గా మాట్లాడాలి. తెలుగు, కన్నడ, ఉర్దూ, హిందీ నాలుగూ వీధిలోనే నేర్చుకునే మన పిల్లలకు ఫ్యాక్టరీలో అందరితో మాట్లాడి పని తెచ్చుకోవడం తేలిక. ఇంగ్లీషు కలిస్తే ఈ ఉద్యోగం వాళ్ల కోసం పుట్టినట్టే.

కోర్సులు, ఒక్కొక్కటిగా

అన్నిటికన్నా దగ్గరది ఐటీఐ. పదో తరగతి పాసైనవాళ్లకు ‘ఫ్యాషన్ డిజైన్ అండ్ టెక్నాలజీ’ అనే ఏడాది ట్రేడ్ ఉంది. ‘సూయింగ్ టెక్నాలజీ’, ‘డ్రెస్ మేకింగ్’ కూడా ఏడాది ట్రేడ్లే. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం. జాతీయ సర్టిఫికెట్ వస్తుంది. సొంత అంగడి పెట్టుకోవాలన్నా, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ దాకా ఎదగాలన్నా ఇది మంచి మొదలు. సీటు ఉన్న ఐటీఐలో ఈ ట్రేడ్ ఈ ఏడాది నడుస్తోందో లేదో మాత్రం స్వయంగా వెళ్లి కనుక్కోవాలి.

పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. కర్ణాటక సాంకేతిక విద్యాశాఖ కింద మహిళా పాలిటెక్నిక్కుల్లో ‘అపారెల్ డిజైన్ అండ్ ఫ్యాబ్రికేషన్ టెక్నాలజీ’ అనే కోర్సు ఉంది. ఎస్సెస్సెల్సీ తర్వాత నేరుగా చేరవచ్చు. పేరులో ఫ్యాషన్ అనే మాట లేదని దీన్ని చాలామంది దాటిపోతారు. ఖర్చు, గుర్తింపు, పని మూడూ కలిపి చూస్తే మధ్యతరగతి ఇంటి ఆడపిల్లకు దీనికన్నా సరిపడే కోర్సు తక్కువ. సాంకేతిక విద్యా మండలి గుర్తించిన డిప్లొమా ఉన్నవాళ్లు తర్వాత నిఫ్ట్ డిజైన్ డిగ్రీకి కూడా దరఖాస్తు చేయవచ్చు. పియుసి చేయలేదని తలుపు మూసుకోదు.

విశ్వవిద్యాలయాల కింద బీఎస్సీ ఫ్యాషన్ అండ్ అపారెల్ డిజైన్ మూడేళ్ల డిగ్రీ. కాలేజీకీ కాలేజీకీ చాలా తేడా ఉంటుంది. ఒకచోట పారిశ్రామిక మిషన్లు, టెస్టింగ్ ల్యాబ్ ఉంటాయి. ఇంకోచోట పది ఇంటి కుట్టుమిషన్లు, ఒక బీరువా నిండా బొమ్మల ఫైళ్లు.

నిఫ్ట్ గురించి అందరూ అడుగుతారు. కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ కింద 1986లో ఢిల్లీలో మొదలైన సంస్థ ఇది. 2006లో పార్లమెంటు చట్టంతో సొంతంగా డిగ్రీలు ఇచ్చే అధికారం వచ్చింది. హైదరాబాద్ మాదాపూర్‌లో 1995 నుంచి ఉంది, బెంగళూరులోనూ ఉంది. మనకు రెండూ రాత్రి బండి దూరమే. ఇక్కడ ముఖ్యంగా రెండు దారులు. బీడిజైన్ నాలుగేళ్లు: ఫ్యాషన్, టెక్స్‌టైల్, నిట్‌వేర్, యాక్సెసరీ, లెదర్, ఫ్యాషన్ కమ్యూనికేషన్ అని శాఖలు. పియుసిలో ఏ గ్రూపు చదివినా సరే. రెండోది బీఎఫ్‌టెక్, అంటే అపారెల్ ప్రొడక్షన్. ఇది కూడా నాలుగేళ్లే, దీనికి పియుసిలో గణితం ఉండాలి. ఇందాక చెప్పిన గడియారం పని, వరస నడిపే పని, ఫ్యాక్టరీ ప్లానింగ్ నేర్పేది ఇదే. పేరుకు తక్కువ మెరుపు, ఉద్యోగానికి ఎక్కువ భరోసా.

బీడిజైన్ ప్రవేశ పరీక్షలో రెండు కాగితాలు. ఒకటి బొమ్మ, ఊహ చూసేది. రెండోది లెక్కలు, ఇంగ్లీషు, సాధారణ జ్ఞానం చూసేది. అందులో నెగ్గితే సిచుయేషన్ టెస్ట్ అని మూడోది: అట్టముక్కలు, తీగ, గుడ్డపేలికలు ఇచ్చి ఏదో ఒకటి తయారుచేయమంటారు. బొమ్మ అచ్చు దించినట్టు ఉండనక్కర్లేదు. సంక్రాంతి సంతలో గాజుల అంగడిని నీ కళ్లతో చూపించు అంటే చూపించగలగాలి. బీఎఫ్‌టెక్‌కు బొమ్మల కాగితం లేదు.

పాదరక్షల సంస్థగా పేరున్న ఎఫ్‌డీడీఐకి హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది. అక్కడ ఫ్యాషన్ డిజైన్ డిగ్రీ కూడా ఉందని చాలామందికి తెలియదు. 1961లో అహ్మదాబాద్‌లో పుట్టిన ఎన్‌ఐడీకి ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి ఒక సంస్థ నడుస్తోంది. సీట్లు బహుతక్కువ, పోటీ ఎక్కువ. ఇవి కాక ఎగుమతిదారుల మండలి అండతో నడిచే ఏటీడీసీ కేంద్రాలున్నాయి. మిషన్ ఆపరేటర్ శిక్షణకు కేంద్ర ప్రభుత్వ ‘సమర్థ్’ పథకం ఉంది.

మనం ఎక్కడ స్థానికులం

ఇంట్లో తెలుగే మాట్లాడతాం గనుక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మన పిల్లలకు లోకల్ కోటా వర్తిస్తుందని అనుకునే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. వర్తించదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి మైసూరు రాష్ట్రానికి వచ్చింది. కుడతిని ఈ పక్కన ఉండిపోయింది. తెలుగు రాష్ట్రాలు స్థానికతను పిల్లలు చదివిన చోటు, కుటుంబం ఉన్న చోటు బట్టి లెక్కిస్తాయి, మాతృభాషను బట్టి కాదు. గుంతకల్లులో మేనమామ ఇల్లుంటే సరిపోదు.

దానికి బదులు మన చేతిలో 371జె ఉంది. రాజ్యాంగంలోని ఈ అధికరణం కింద కళ్యాణ కర్ణాటక జిల్లాల్లోని విద్యాసంస్థల్లో 70 శాతం సీట్లు, మిగతా రాష్ట్రంలో 8 శాతం సీట్లు ఈ ప్రాంతపు స్థానికులకే. బళ్లారి అందులో ఉంది. తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబానికి ఇది కన్నడ కుటుంబానికి ఎంత వర్తిస్తుందో అంతే వర్తిస్తుంది. భాష అడగరు, నివాసం అడుగుతారు. ప్రభుత్వ పాలిటెక్నిక్ సీటుకు ఈ పత్రం చాలా తేడా తెస్తుంది. ఫలితాలు వచ్చాక పరుగెత్తకుండా, పదో తరగతి చదువుతుండగానే రేషన్ కార్డు, బడి పత్రాలు పట్టుకుని 371జె సర్టిఫికెట్ తీసిపెట్టుకోండి. నిఫ్ట్ లాంటి కేంద్ర సంస్థల్లో మాత్రం ఇది పనిచేయదు. అక్కడ అఖిల భారత ర్యాంకు, కేంద్ర రిజర్వేషన్లే.

ఇక భాష. నిఫ్ట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మాధ్యమం, కన్నడ మాధ్యమంలో చదివినవాళ్లు తడబడేది బొమ్మల దగ్గర కాదు, ఇంగ్లీషు పేరా చదివి జవాబు రాసే దగ్గర. రెండేళ్ల ముందు నుంచి రోజుకు ఒక ఇంగ్లీషు పేపరు పేజీ చదివించండి. కోచింగ్ ఫీజు కన్నా ఇది చవక.

ప్రైవేటు సంస్థ గుమ్మంలో అడగాల్సినవి

హోర్డింగు మీద ర్యాంప్ వాక్ ఫొటో వేసి, ఏడాదికి లక్షో రెండు లక్షలో తీసుకుని, చివర్లో తమ సొంత ముద్రతో కాగితం ఇచ్చే సంస్థలు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉన్నాయి. వాటిలో కొన్ని పని బాగానే నేర్పుతాయి. అయితే ఆ కాగితం డిగ్రీ కాదు. దానితో పీజీ చేయలేరు, డిగ్రీ అడిగే ఉద్యోగానికి దరఖాస్తు చేయలేరు. కాబట్టి మొదటి ప్రశ్న: ఈ పట్టా ఎవరు ఇస్తారు? డిగ్రీ అయితే యూజీసీ గుర్తించిన విశ్వవిద్యాలయం పేరు చెప్పాలి. డిప్లొమా అయితే రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి పేరు చెప్పాలి. "ఇంటర్నేషనల్ సర్టిఫికెట్" అని తప్పించుకుంటే అక్కడే లేచి రావచ్చు.

తర్వాత ల్యాబ్ చూపించమనండి. పారిశ్రామిక సింగిల్ నీడిల్ మిషన్లు ఎన్ని, ఓవర్‌లాక్ ఉందా, జీన్స్ కాలి కుట్టు వేసే ఫీడ్ ఆఫ్ ది ఆర్మ్ మిషన్ ఉందా, కంప్యూటర్ ప్యాటర్న్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ ఉందా. ఇవి మీకు తెలియకపోతే ఫర్వాలేదు, మన వీధిలో టైలరన్నను వెంట తీసుకెళ్లండి. ఆయన ఒక్క చూపులో చెబుతారు. మిషన్ల మీద దుమ్ము ఉందా, నూనె మరకలు ఉన్నాయా చూడండి. నూనె మరకలుంటే మంచి గుర్తు.

చివరి ఏడాది విద్యార్థులు చేసిన ప్యాంటో చొక్కానో తిరగేసి లోపలి కుట్టు చూడండి. ఇంటర్న్‌షిప్ ఏ ఫ్యాక్టరీలో, ఎన్ని వారాలో అడగండి. ఫ్యాక్టరీ మెట్లెక్కకుండానే పట్టా ఇచ్చే కోర్సు పరిశ్రమకు పనికిరాదు. నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటే, పోయిన ఏడాది బయటికెళ్లిన ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడించమనండి.

డబ్బు, దూరం

నిఫ్ట్‌లో నాలుగేళ్ల ఫీజే పది లక్షలు దాటుతుంది. హాస్టలు, లాప్‌టాప్, ప్రతి సెమిస్టరుకూ ప్రాజెక్టు బట్ట, దారాలు, ప్రింట్లు వేరు. ఈ చిల్లర ఖర్చే చాలామందిని మధ్యలో ఇబ్బంది పెడుతుంది. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు ఫీజులో సాయం చేసే పథకం నిఫ్ట్‌లో ఉంది. ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా ఉంటే మొదటి ఏడాదే అడగాలి. బ్యాంకు విద్యా రుణం కూడా దొరుకుతుంది, కానీ చదువు అయ్యాక మొదటి రెండేళ్ల జీతం పెద్దగా ఉండదని లెక్కలో పెట్టుకోండి.

పరిహారం డబ్బు చేతిలో ఉందని ఒకేసారి పెద్ద ఫీజు కట్టే ముందు, పిల్లకో పిల్లాడికో ఈ పని ఇష్టమో కాదో ఒక వేసవిలో తేల్చుకోవచ్చు. రెండు నెలలు ఊళ్లో టైలరు దగ్గర కూర్చోబెట్టండి. ఫాల్, పీకో కాదు, ఒక చొక్కా మొదటి నుంచి చివరిదాకా. కాలరు మూడుసార్లు విప్పి కుట్టాక కూడా ఇంకోసారి కుడతానంటే ఆ పిల్లను కాలేజీకి పంపండి.

ఇంటి ఆడపిల్లను దూరం పంపడానికి పెద్దలు జంకడం ఉంది, దాన్ని ఎగతాళి చేయనక్కర్లేదు. కానీ ఈ పరిశ్రమలో పనిచేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో బ్రాండిక్స్‌లో వేలమంది మహిళలు పనిచేస్తున్నారు. వాళ్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చిపోయేవాళ్లే. మిషన్ల మీద వాళ్లుంటే, పై గదుల్లో ప్లానింగ్, క్వాలిటీ, మర్చండైజింగ్ కుర్చీల్లో కూడా వాళ్లే ఎందుకు ఉండకూడదన్నది చదువుకు సంబంధించిన ప్రశ్నే. బెంగళూరులో పీణ్య, బొమ్మనహళ్లి వైపు ఎగుమతి ఫ్యాక్టరీలు, బయింగ్ ఆఫీసులు ఉన్నాయి. వరంగల్ దగ్గర టెక్స్‌టైల్ పార్కులో కైటెక్స్ పిల్లల బట్టలు చేస్తోంది. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లో వరంగల్ ఒకటి, మన కలబురగి ఒకటి.

సినిమా ఆశ ఉన్నవాళ్లకు ఒక్క ఉదాహరణ. 2018లో వచ్చిన ‘మహానటి’కి ఉత్తమ కాస్ట్యూమ్ డిజైన్ జాతీయ పురస్కారం ముగ్గురికి కలిపి వచ్చింది: ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు. అర్చనా రావు హైదరాబాద్ నిఫ్ట్‌లో, ఆ తర్వాత న్యూయార్క్ పార్సన్స్‌లో చదివారు. గౌరంగ్ షా ఫ్యాషన్ కాలేజీకి వెళ్లకుండా చీరల వ్యాపారం నుంచి, నేతగాళ్ల మగ్గాల పక్క నుంచి వచ్చినవారు. ఒకే సినిమాకు రెండు దారులూ కలిశాయి. ఇద్దరికీ బట్ట గురించి లోతుగా తెలుసు.

కాలేజీకి వెళ్లలేని, ఇప్పటికే కుట్టుపనిలో ఉన్నవాళ్లకు 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ వృత్తి ఉంది. కొద్ది రోజుల శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల రుణం ఇస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు టైలర్లయితే దీంతో ఒక ఓవర్‌లాక్ మిషన్ వచ్చేస్తుంది. కాలేజీ నుంచి సెలవులకొచ్చిన పిల్లకు అదే సాధన.

తేదీలు

నిఫ్ట్ దరఖాస్తులు మామూలుగా ఏడాది చివర్లో తెరుచుకుంటాయి, పరీక్ష ఫిబ్రవరి ప్రాంతంలో. అంటే పియుసి రెండో ఏడాది దసరా సెలవుల్లోనే పత్రాలు సిద్ధంగా ఉండాలి. వయసు ప్రవేశ ఏడాది ఆగస్టు 1కి 24 దాటకూడదు, కొన్ని వర్గాలకు సడలింపు ఉంది. పాలిటెక్నిక్, ఐటీఐ దరఖాస్తులు ఎస్సెస్సెల్సీ ఫలితాల వెంటే వస్తాయి, గడువు కొద్ది రోజులే. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, 371జె సర్టిఫికెట్, ఆధార్‌లోనూ మార్కుల కార్డులోనూ ఒకేలా ఉన్న పేరు, ఇవి ముందు చూసుకోండి. మన ఇళ్లలో ఇంటిపేరు తెలుగు పద్ధతిలో ముందు రాసినది ఒక కాగితంలో, కర్ణాటక పద్ధతిలో ఇనిషియల్‌గా వెనక పడినది ఇంకో కాగితంలో ఉండడం మామూలే. కౌన్సెలింగ్ రోజున అదే అడ్డం వస్తుంది. సరిచేయించడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ నెలలోనే ఆ పని పెట్టుకోండి.